కొలిచేవాడి జీతం ఎవరిస్తున్నారు?

పటాన్‌చెరు ఫ్యాక్టరీల మురుగు మీద సుప్రీంకోర్టులో కేసు పడింది 1990లో. 1994లో అక్కడ ఉమ్మడి శుద్ధి కేంద్రం కూడా వచ్చింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు అందులోకి చేరేవి. శుద్ధి అయ్యాక ఇసకవాగు, నక్కవాగు మీదుగా మంజీర వైపు సాగే ఆ నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదును మించిన లెక్క ఇది. జల కాలుష్య చట్టం 1974 నుంచే ఉన్నా యాంటీబయాటిక్స్‌కు అందులో పరిమితి లేదు. 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా నిబంధనల్లో ఆ పరిమితులు పెట్టింది, 2021లో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో తీసేసింది. వాటిని తిరిగి తేవడం ప్రభుత్వం చేయాల్సిన మొదటి పని.

పరిమితి రాసినంత మాత్రాన సరిపోదు, కొలత నిజాయితీగా ఉండాలి. గుజరాత్‌లో ఒకప్పుడు ఫ్యాక్టరీయే తన కాలుష్యాన్ని కొలిచే ఆడిటర్‌ను ఎంచుకుని ఫీజు ఇచ్చేది. దాంతో నివేదికల్లో అంతా సవ్యంగానే కనిపించేది. అక్కడి కాలుష్య నియంత్రణ మండలితో కలిసి ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ఏ ఫ్యాక్టరీకి ఏ ఆడిటర్ వెళ్లాలో లాటరీ పద్ధతిలో తేల్చారు, ఫీజు ఉమ్మడి నిధి నుంచి ఇచ్చారు, కొన్ని కొలతలను మళ్లీ తనిఖీ చేయించారు. తప్పుడు నివేదికలు బాగా తగ్గాయి, ఫ్యాక్టరీలు వదిలే కాలుష్యమూ తగ్గింది. తెలుగు రాష్ట్రాలు ఈ పద్ధతిని తెచ్చుకుని, ప్రతి ఫ్యాక్టరీ కొలతలనూ తెలుగులో అందరికీ కనిపించేలా పెట్టాలి.

చిన్న పరిశ్రమలు మురుగు శుద్ధి ఖర్చు మోయలేవన్నది సబబైన అభ్యంతరమే. అందుకే ఉమ్మడి శుద్ధి కేంద్రాలకు ప్రభుత్వ సాయం అందాలి. కానీ శుద్ధి చేయకపోతే ఆ ఖర్చు మాయమైపోదు, బోరు పాడైన రైతు నెత్తిన పడుతుంది. కఠినంగా ఉంటే కంపెనీలు పక్క రాష్ట్రానికి పోతాయంటారు. పరిమితులు దేశమంతటికీ ఒకటే అయితే ఆ బెదిరింపు చెల్లదు. తనిఖీలు పెరిగితే లంచాలు పెరుగుతాయన్న భయమూ ఉంది. కొలతలు జనం ముందుంటే అధికారి రహస్యంగా బేరమాడే వీలు తగ్గుతుంది. ఇక జరిమానా శుద్ధి ఖర్చు కన్నా తక్కువైతే, యజమానికి అది ఏటా కట్టే మరో రుసుము మాత్రమే. మురుగు వదిలి మిగుల్చుకున్న సొమ్ముకు మించి వసూలు చేసి, ఆ డబ్బును దెబ్బతిన్న ఊళ్ల నీటికే ఖర్చు పెట్టాలి.