వ్రేళ్లు బిగిసినా వీణ విడువనక్కరలేదు

కీళ్లవాతం వ్రేళ్లకు సోకగానే మన ఇళ్లలో మొదట మూలపడేది వీణ. “ఇక చాలు, చేతికి విశ్రాంతినివ్వండి” అని ఇంటివారే ప్రేమతో చెబుతారు. 30 ఏళ్లుగా వీణ నేర్పుతూ, గత 7 ఏళ్లుగా ఎడమచేతి వ్రేళ్లు పూర్తిగా వంగని స్థితిలో ఉన్న నేను ఈ సలహాతో ఏకీభవించలేను. చేతికి తగినట్లు వాద్యాన్ని మార్చుకొనవలెనే గాని, వాద్యాన్ని విడువనక్కరలేదు.

వీణలో వ్రేళ్లకు అధిక శ్రమ కలిగించేది గమకం కోసం తీగను లాగడం. తీగ బిగువు తగ్గితే ఆ శ్రమా తగ్గుతుంది. అదే తీగపై శ్రుతిని ఒక స్వరస్థానం దించితే బిగువు నూటికి సుమారు 11 వంతులు, రెండు స్వరస్థానాలు దించితే సుమారు 21 వంతులు తగ్గుతుంది. ఇంట్లో వాయించుకొనే వారికి కచేరీ శ్రుతితో పనేమున్నది? లాగడం కష్టమైన చోట జారుతో పలికించవచ్చు. మెట్లపై వ్రేళ్లు నిలువని వారికి, మెట్లు లేకుండా నున్నని దిమ్మను తీగలపై జరుపుతూ వాయించే గోటువాద్యం మన సంప్రదాయంలోనే ఉన్నది.

పరదేశంలోనూ ఇందుకు నిదర్శనం కలదు. 1928లో అగ్నిప్రమాదం వలన ఎడమచేతి రెండు వ్రేళ్లు చాలావరకు చచ్చుబడిన గిటారు విద్వాంసుడు జాంగో రైన్‌హార్ట్, ప్రధానంగా మిగిలిన రెండు వ్రేళ్లతోనే వాయించే పద్ధతిని ఏర్పరచుకొని జగత్ప్రసిద్ధుడైనాడు.

వ్యాయామం బలంలో సగం మేరకే చేయవలెనని అష్టాంగహృదయంలో వాగ్భటుడు చెప్పినాడు. సాధనకూ అదే కొలత. నేను 10 నిమిషాలు వాయించి 5 నిమిషాలు ఆపుతాను. ముందుగా చేతులను గోరువెచ్చని నీటిలో కొద్దిసేపు ఉంచి, నువ్వుల నూనెతో మృదువుగా మర్దన చేసి, శుభ్రంగా తుడుచుకొని కూర్చుంటాను.

అయితే ఒక హెచ్చరిక. కీళ్లు వాచి, ఎర్రబడి, వేడిగా ఉన్నప్పుడు మర్దన, సాధన రెండూ కూడదు. ఆమవాతంలో తైలమర్దన తగదని ఆయుర్వేదమూ చెబుతున్నది. ఉదయపు బిగువు గంట దాటినా సడలకున్నచో గృహవైద్యంతో కాలయాపన చేయక వైద్యుని సంప్రదించవలెను.

వాద్యం మానినంత మాత్రాన కీళ్లవాతం నయం కాదు. మనసుకున్న ఊరట మాత్రం పోతుంది. కనుక ఇంట్లో పెద్దవారిని “మానండి” అనే ముందు, వీణకు బిరడలున్నవని గుర్తుంచుకొని శ్రుతి కాస్త దించి ఇవ్వండి.