పాసులకు ఓటీపీ ఉంటదా?

అమరావతిలో పెద్ద క్రికెట్ స్టేడియం కడతామంటున్నారు గదా, టికెట్ల సంగతి ఇప్పుడే అడుగుదాం. 2022 సెప్టెంబర్ 22న ఉప్పల్ మ్యాచ్ టికెట్లకని సికింద్రాబాద్ జింఖానా కాడికి పోయిన జనం తొక్కిసలాటలో దెబ్బలు తిన్నారు. బ్లాక్‌కి మందు ఆధారే అంటారు కొందరు. రైల్వే 2025 జులైలో తత్కాల్‌కి అదే పెట్టింది: ఆధార్‌తో సరిచూసిన ఖాతా, ఫోనుకి ఓటీపీ, మొదటి అరగంట ఏజెంట్లకి తలుపు బంద్. దొంగ ఖాతాలకి దెబ్బే, కాదనను. మన ఊళ్లల్లో ఆధార్‌కి కలిపిన ఫోను నాన్న జేబులో పొలంలో ఉంటది, అది వేరే బాధ.

కానీ ఓటీపీ చెప్పేది కొనేవాడెవడో అంతవరకే. పాసుల కింద ఎన్ని పోయినయ్, అమ్మకానికి ఎన్ని మిగిలినయ్? నేనడిగేది ఆ లెక్క. టికెట్ మీద పేరు అచ్చేసి గేటు కాడ ఏదో ఒక గుర్తింపు కార్డు చూడండి. రాలేనోడు అసలు ధరకే వాపసిచ్చే దారి పెట్టండి. వీటికి ఆధారే కావాలని ఏం లేదు.