చీకటి ఏం పాపం చేసింది?

2006 కార్తీక పౌర్ణమి నాడు మా అమ్మమ్మను ఫోటో తీశాను. కొత్తగా కొన్న డిజిటల్ కెమెరా, చేయి ఊరుకోలేదు. పెరట్లో కరెంటు దీపం ఆర్పేశారు. తులసికోట చుట్టూ ప్రమిదలు, వాటి ముందు ఒంగి వత్తులు ఎగదోస్తున్న ఆవిడ, ఆ పసుపు వెలుగులో సగమే కనబడుతున్న ముఖం, మిగతా పెరడంతా చీకటి. నేను చూసింది అది. కెమెరా తీసింది వేరు. ఫ్లాష్ తనంతట తానే వెలిగింది. తులసికోట సున్నం కొట్టినట్టు తెల్లబడింది. వెనకనున్న బట్టల తీగ, బాల్చీ, గోడ మీది చెమ్మ మరకలు అన్నీ స్పష్టంగా పడ్డాయి. దీపాలు మాత్రం వెలిగీ వెలగనట్టున్నాయి. తలెత్తి నావైపు చూసిన ఆవిడ కళ్ళు ఎర్రగా మెరుస్తున్నాయి. మరుసటి కార్తీకానికి ఆవిడ లేరు.

కాబట్టి మిత్రులారా, ఈ టపా కాస్త కోపంతోనే రాస్తున్నాను. రాత్రి ఫోటోలు చెడిపోయేది వెలుగు చాలక అని అందరూ నమ్ముతారు. నా వాదన దానికి తలకిందులు. అక్కడ లేని వెలుగును తెచ్చి గుమ్మరించడం వల్లే అవి చెడిపోతున్నాయి.

మొదటి ముద్దాయి ఫ్లాష్. చీకటి పడ్డాక హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద నిలబడి చూడండి. హుస్సేన్‌సాగర్ నడుమ 1992లో నిలిపిన బుద్ధ విగ్రహం దీపాల వెలుగులో ఉంటుంది. గట్టు మీదివాళ్ళు దాని వైపు ఫ్లాష్ కొడతారు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది, మూడింతలైతే తొమ్మిదో వంతుకు. చిన్న కెమెరా ఫ్లాష్ మూడు నాలుగు మీటర్లు దాటి పనికిరాదు. నీటి మధ్యనున్న బుద్ధుడి దాకా అది ఎన్నడూ వెళ్ళదు. అది వెలిగించేది ఎదురుగా ఉన్న ఇనుప కమ్మీనీ, పక్కవాడి వీపునీ. వాటిని చూసి కెమెరా పని అయిపోయిందనుకుంటుంది, బుద్ధుడు నల్లగా మిగిలిపోతాడు.

రెండో ముద్దాయి కెమెరాలోని కొలమానం. ఎదుట ఏ దృశ్యం ఉన్నా అది సగటున ఒక మోస్తరు బూడిదరంగులో ఉండాలని ఆ కొలమానానికి నేర్పారు. నల్లని ఆకాశాన్ని చూపిస్తే ‘వెలుగు చాల్లేదు’ అని ఇంకా ఇంకా పోస్తుంది. ఆకాశం మాసిన గుడ్డలా తయారవుతుంది, వీధి దీపాలు పగిలిన గుడ్ల మాదిరి చుట్టూ పారతాయి. దీన్ని మందలించడానికి ప్రతి కెమెరాలోనూ ఎక్స్‌పోజర్ తగ్గించే మీట ఉంది. ఒక మెట్టు, అవసరమైతే రెండు మెట్లు కిందికి దించండి. నలుపు నల్లగా ఉండటం తప్పు కాదని యంత్రానికి మనమే చెప్పాలి.

మూడో ముద్దాయి కొత్తది, అందరికీ ప్రియమైనది: ఫోన్లలోని నైట్ మోడ్. 2018లో గూగుల్ పిక్సెల్ ఫోన్లకూ, 2019లో ఐఫోన్ 11కూ వచ్చాక ఇది ఊరూరా వ్యాపించింది. వరసగా ఎన్నో చిత్రాలు తీసి, ఒకదాని మీద ఒకటి సరిపోల్చి పేర్చి, మచ్చలు తుడిచి ఒక్కటిగా అందిస్తుంది. విద్య గొప్పదే, కాదనను. పిక్సెల్ కోసం దాన్ని తయారుచేసిన ఇంజినీర్లే 2018లో ఒక మంచి మాట ఒప్పుకున్నారు. రాత్రి రాత్రిలా అనిపించాలంటే నీడల్ని నలుపులోకి జారనివ్వాలనీ, ఈ కిటుకు చిత్రకారులకు శతాబ్దాలుగా తెలుసుననీ. చేసినవాళ్ళకు తెలిసిన సంగతి వాడేవాళ్ళం మరిచిపోయాం. అర్ధరాత్రి తీసిన వీధి మిట్టమధ్యాహ్నంలా ఉంటే ‘ఎంత బాగా వచ్చిందో!’ అంటున్నాం. పగటిలా ఉండాలనుకుంటే పగలే తీయవచ్చు కదా, ఎండ ఉచితం.

చంద్రుడి విషయంలో ఈ పిచ్చి పరాకాష్ఠకు చేరింది. కావాలని మసకబార్చిన చంద్రబింబాన్ని కంప్యూటర్ తెర మీద ఉంచి ఒక ప్రసిద్ధ కంపెనీ ఫోనుతో తీస్తే, తెర మీద లేని మచ్చలు కూడా ఫోటోలో స్పష్టంగా వచ్చాయని 2023లో ఒక వాడుకరి చూపించాడు. చంద్రుణ్ణి గుర్తుపట్టి వివరాలకు మెరుగుపెట్టే కృత్రిమ మేధ తమ ఫోన్లో ఉందని ఆ కంపెనీ కూడా వివరించింది. ఇంత అవస్థ దేనికి? పున్నమి చంద్రుడు ఎండలో ఉన్న బండరాయి. దాన్ని తీయడానికి రాత్రి లెక్కలు పనికిరావు, పగటి లెక్కలే కావాలి. లెన్సు ఎఫ్/11 దగ్గర, ఐఎస్ఓ 100, సెకనులో నూరో వంతు చాలు. 1941 నవంబరు 1 సాయంత్రం న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ ఊరి దగ్గర ఆన్సెల్ ఆడమ్స్‌కు సమయానికి లైట్ మీటరు దొరకలేదు. చంద్రుడి ప్రకాశం ఎంతో ఆయనకు కంఠతా వచ్చు. ఆ ఒక్క అంకె నుంచి లెక్కగట్టి తీసిన చిత్రం ప్రపంచ ప్రసిద్ధమైంది. అందులో ఆకాశం దాదాపు నల్లగా ఉంటుంది. అది లోపమని ఎవరూ అనలేదు.

‘తప్పులెన్నడం సులువు, దారి చెప్పు’ అంటారా, చెబుతాను. ఫ్లాష్ ఆపేయండి. కెమెరాను కదలని చోట పెట్టండి. ట్రైపాడ్ లేకపోతే పిట్టగోడ, దాని మీద మడిచిన తువ్వాలు చాలు. మీట నొక్కే వేలు కూడా కెమెరాను కదిలిస్తుంది కనుక రెండు సెకన్ల టైమరు పెట్టి చేయి తీసేయండి. ఐఎస్ఓ 100, ఎఫ్/8 ఉంచి నాలుగు సెకన్లతో మొదలుపెట్టి, చూసుకుంటూ పెంచండి. చీకట్లో ఆటోఫోకస్ తడబడుతుంది. తెర మీద ఒక దీపాన్ని పెద్దది చేసి చూస్తూ చేత్తో ఫోకస్ చేయండి. వైట్ బ్యాలెన్స్ యంత్రానికి వదిలేస్తే దీపం పసుపును కడిగి తెల్లబరుస్తుంది, దాన్ని ఎండ గుర్తు మీద ఉంచండి. చీకట్లో తెర కళ్ళకు మిరుమిట్లు గొలుపుతుంది కాబట్టి దాన్ని నమ్మకుండా హిస్టోగ్రామ్ చూడండి. కట్టడాలు తీయాలంటే పొద్దుగుంకాక ఇరవై నిమిషాలకు సిద్ధంగా ఉండండి. ఆకాశంలో ఇంకా నీలం ఉంటుంది, దీపాలూ వెలిగి ఉంటాయి. మన ప్రాంతంలో సంధ్య త్వరగా జారిపోతుంది, టీ తాగి వద్దామంటే ఉండదు.

సెకన్ల తరబడి లెన్సు తెరిచి ఉంచడమూ వెలుగు పోగుచేయడమే కదా అని ఎవరైనా నిలదీయవచ్చు. నిజమే. కానీ అది పోగుచేసేది ఆ చోట ఉన్న వెలుగునే. దీపం ఏ వైపు నుంచి పడితే నీడ దానికి ఎదురు వైపుకే ఉంటుంది. ఎక్కడ ఆపాలో నిర్ణయించేది మీరు. ఫ్లాష్‌కు ఆ మర్యాద లేదు. పిలవని చుట్టంలా వచ్చి ఇంట్లో దీపాలన్నిటినీ ఆర్పేసి కూర్చుంటుంది.

‘జ్ఞాపకం కోసం తీసేదానికి ఇంత రాద్ధాంతమా?’ అనే మిత్రులకు నా జవాబు ఒక్కటే. జ్ఞాపకం కోసమే కనుక. అమ్మమ్మ పెరట్లో బాల్చీ ఏ రంగుదో నాకు అక్కర్లేదు. ఆ ఫోటో చూసిన ప్రతిసారీ, నేను కళ్ళారా చూసిన ముఖం కొంచెం కొంచెం చెరిగి, కెమెరా చూసిన ముఖం దాని చోట కూర్చుంటోంది. ఇప్పుడు నాకు ఏది గుర్తుందో, ఏది ఫోటోలోదో విడదీయడం కష్టమవుతోంది. తప్పుడు ఫోటో ఊరికే ఉండదు, అసలుదాన్ని తినేస్తుంది.

పోయిన కార్తీకంలో మా అమ్మ అదే తులసికోట ముందు కూర్చుంది. ఈసారి లెన్సు ఎఫ్/2 దాకా తెరిచాను, ఐఎస్ఓ 1600, సెకనులో ముప్పయ్యో వంతు. మోచేతులు మోకాళ్ళకు ఆనించి, ఊపిరి బిగబట్టి తీశాను. కొంచెం గరుకుగా వచ్చింది. ముఖంలో సగం చీకట్లో ఉంది. చూసి అమ్మ, “నల్లగా వచ్చానేమిటిరా?” అంది. కాసేపు అలాగే చూస్తూ ఉండి, “అచ్చం మా అమ్మలా ఉన్నాను” అంది.

ఆ పోలిక పగటి వెలుతురులో మాకెప్పుడూ కనబడలేదు.