మిద్దెకు పిట్టగోడ



తెల్లవారుజామున కాట్పాడి స్టేషనులో రైలు దిగే మనవాళ్లను గుర్తుపట్టడం కష్టం కాదు. చేతిలో పాత ఎక్స్‌రేల కవరు, భుజాన దుప్పటి సంచి, పక్కన నీరసించిన రోగి. ఆటో అరవంలో బేరమాడినా పలకరింపులు మాత్రం తెలుగులోనే. ఏ ఊరు, ఏం జబ్బు, ఎన్నాళ్లయింది? సీమ నుండైనా, కోస్తా నుండైనా, పెద్ద జబ్బు అనగానే మన పల్లెల్లో రాయవేలూరు పోదామంటారు.

కొన్నేళ్ల క్రితం మేమూ మా సంఘంలోని ఒక అన్నయ్యను తీసుకొని అలాగే వెళ్లాం. ఆయనకు నలభై నాలుగేళ్లు. రెండు మూత్రపిండాలూ దెబ్బతిన్నాయని అప్పటికే తెలిసింది. డాక్టరుగారు కాగితాలన్నీ ఓపికగా తిరగేసి, "బీపీ ఎప్పటి నుండి ఉంది?" అని అడిగారు. అన్నయ్య మా వైపు చూశాడు. మేము వదినగారి వైపు చూశాం. ఎవరికీ తెలియదు. ఆయన చేతికి బీపీ పట్టీ కట్టిన వారే లేరు. తలనొప్పి వస్తే ఒక మాత్ర వేసుకొని పొలానికి పోయేవాడు. ఏళ్ల తరబడి అదుపు లేని రక్తపోటు నొప్పి తెలియకుండానే మూత్రపిండాలను తినేస్తుందని డాక్టరుగారు చెప్పగా విన్నాం. ఊరికి తిరిగి వచ్చాక వారానికి రెండుసార్లు డయాలసిస్. బస్సు చార్జీలకు, మందులకు అర ఎకరం పోయింది. రెండేళ్లకు అన్నయ్య కూడా పోయారు.

ఆ రెండేళ్లూ మేము ప్రార్థనలు చేశాం, చందాలు పోగుచేశాం, రోగి పక్కన కూర్చున్నాం. అంతకు ముందు పదేళ్లలో మాత్రం, సబ్ సెంటరు ఊళ్లోనే ఉన్నా, "ఒకసారి బీపీ చూపించుకో అన్నయ్యా" అని ఒక్కరమూ అనలేదు.

కొత్త ఇల్లు కట్టుకొనేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని, లేకపోతే అక్కడి నుండి పడినవాని పాపం ఆ ఇంటిమీద ఉంటుందని ధర్మశాస్త్రంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో చూడవచ్చు. పడినవానికి కట్టు కట్టడం ఒక పని. పడకుండా గోడ కట్టడం ఇంకొక పని. ఆసుపత్రి అనగానే మనకు మొదటిదే గుర్తుకు వస్తుంది. డాక్టర్లను తయారుచేసే వైద్య కళాశాలలు, ఆరోగ్య విశ్వవిద్యాలయాలు రెండో పని కూడా చేయాలి, చేయగలవు. ఈ నెల మనం దాని గురించే ఆలోచిద్దాం.

మనం ఆశతో వెళ్లే ఆ రాయవేలూరు సంగతే చూడండి. ఐడా స్కడ్డర్ అమ్మగారి కథ మన సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. ఒకే రాత్రి ముగ్గురు భర్తలు వచ్చి, ప్రసవవేదనలో ఉన్న తమ భార్యల కోసం స్త్రీ వైద్యురాలు కావాలని అడిగారు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఐడా అమెరికా వెళ్లి వైద్యం చదివి, తిరిగివచ్చి 1900లో ఒకే ఒక మంచంతో వైద్యం మొదలుపెట్టారు. అయితే ఆమె ఆసుపత్రిలోనే కూర్చోలేదు. వారం వారం గుడియాత్తం దారిన బయలుదేరి, చెట్ల కింద ఆగి, దారి పొడవునా కాచుకొని ఉన్న రోగులను చూసేవారు. 1918లో స్త్రీల కోసం వైద్య పాఠశాల తెరిచారు. నేటి పెద్ద వైద్య కళాశాలకు అదే విత్తనం.

ఆ చెట్టు కింది వైద్యమే తరువాత ఒక పద్ధతిగా ఎదిగింది. పక్కనే ఉన్న కణియంబాడి బ్లాకులో లక్షకు పైగా జనం ఉన్నారు. ఆ పల్లెలను కళాశాల తన బాధ్యతగా తీసుకుంది. పల్లెలో అక్కడి స్త్రీయే ఆరోగ్య కార్యకర్త. ఎవరు నెల తప్పారు, ఏ ఇంట బిడ్డ పుట్టింది, ఎవరు చనిపోయారు అన్నది ఆమె చెబుతుంది. ఆమె పైన ఆరోగ్య సహాయకురాలు, ఆ పైన నర్సమ్మ, ఆ పైన డాక్టరు. డాక్టరు బండిలో పల్లెకే వస్తారు. ప్రమాదం ఉన్న గర్భిణిని నొప్పులు రాకముందే గుర్తించి ఆసుపత్రికి పంపుతారు. 1977లో కె.వి.కుప్పం బ్లాకులో మరొక గ్రామీణ కేంద్రం మొదలైంది. అక్కడ వైద్యంతోపాటు గ్రామాభివృద్ధి పనులు కూడా చేస్తారు.

ఇందులో గొప్ప యంత్రం ఏదీ లేదు. ఒక రిజిస్టరు, నడిచే కాళ్లు, అంతే. అయినా ఆ రిజిస్టరు విలువ ఎంతో ఉంది. ఆసుపత్రిలో కూర్చున్న డాక్టరుకు వచ్చిన రోగి మాత్రమే కనిపిస్తాడు. రాని రోగి కనిపించాలంటే ఇంటింటికీ లెక్క ఉండాలి. మా అన్నయ్య ఆ రాని రోగే.

అలా ఇళ్ల చుట్టూ తిరిగిన ఫలం మన ఇళ్లకు కూడా చేరింది. చంటిపిల్లలకు వచ్చే నీళ్ల విరేచనాలకు ముఖ్య కారణాల్లో ఒకటి రోటా వైరస్. శుభ్రమైన నీరు తాగించినంత మాత్రాన అది పూర్తిగా ఆగదు. డాక్టర్ గగన్‌దీప్ కాంగ్, ఆమె తోటివారు 2002లో మొదలుపెట్టి, వేలూరు బస్తీల్లో పుట్టిన వందలాది బిడ్డలను మూడేళ్ల వయసు వచ్చేదాకా వారానికి రెండుసార్లు ఇంటికి వెళ్లి చూశారు. ఏ బిడ్డకు ఎన్నిసార్లు ఈ వైరస్ సోకింది, ఎన్నిసార్లు సోకినా ఎంతమేరకు రక్షణ వస్తుంది అన్నది అలా తెలిసింది. తరువాత హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్ చుక్కలను 2011 నుండి ఢిల్లీ, పూణే, వేలూరులలో 6,799 మంది శిశువులతో పరీక్షించారు. తీవ్రమైన రోటా విరేచనాలు మొదటి ఏడాదిలో సగానికి పైగా తగ్గాయి. 2016లో ప్రభుత్వ టీకాల్లో ఈ చుక్కలను మొదటగా చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 6, 10, 14 వారాలకు మన ఏ.ఎన్.ఎమ్. అమ్మ పిల్లల నోట్లో వేసే రోటా చుక్కల వెనుక, ఎవరో పేద తల్లులు వారానికి రెండుసార్లు తలుపు తీసిన ఓర్పు ఉంది.

అన్ని జబ్బులకూ ఇంకా ఇలాంటి జవాబు దొరకలేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం మీకు తెలుసు. కవిటి, సోంపేట, కంచిలి, మందస వైపు పచ్చని కొబ్బరి, జీడి తోటలు. ఆ తోటల నీడలో దశాబ్దాలుగా మూత్రపిండాల జబ్బు. షుగరు లేనివారికి, బీపీ లేనివారికి కూడా వస్తోంది. ఎందరో పరిశోధకులు వచ్చారు, నీటిని, నేలను పరీక్షించారు. ఇదే కారణమని నిర్ధారణగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. వంశధార నీటిని ఆ పల్లెలకు తెచ్చే తాగునీటి పథకం కూడా అప్పుడే మొదలైంది. ఇవి సంతోషించవలసిన సంగతులే. అయితే డయాలసిస్ మంచం ఎంత మంచిదైనా, పక్కింటి కుర్రవాడు రేపు ఆ మంచం మీదికి ఎందుకు వస్తాడో చెప్పలేదు. అది చెప్పాలంటే జబ్బు లేనివాడిని కూడా ఏళ్ల తరబడి గమనించాలి. ఆ ఓపిక, ఆ చదువు, ఆ ప్రయోగశాల ఉండేది విశ్వవిద్యాలయాల దగ్గరే.

మనకు విశ్వవిద్యాలయాలు లేకపోలేదు. విజయవాడలో 1986లోనే ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. రాష్ట్రం విడిపోయాక వరంగల్లులో కాళోజీ నారాయణరావుగారి పేర మరొకటి వచ్చింది. కళాశాలలు పెరిగాయి. సీట్లు పెరిగాయి. పట్టాలు ఇవ్వడం, పరీక్షలు పెట్టడం జరుగుతున్నాయి. ప్రతి కళాశాల తన చుట్టూ ఉన్న ఒక మండలాన్ని తన వార్డుగా భావించి, అక్కడి ప్రతి ఇంటి ఆరోగ్యానికి లెక్క చెప్పగలిగితే ఎంత బాగుంటుంది! ఎన్ని ఆపరేషన్లు చేశామన్న లెక్కతోపాటు, మా మండలంలో ఈ ఏడు ఎంతమంది తల్లులు క్షేమంగా కన్నారు, ఎంతమంది బీపీ అదుపులోకి వచ్చింది అన్న లెక్క కూడా గోడమీద రాసిపెడితే!

దారి కొంత పడింది కూడా. వైద్య విద్యార్థులు ఒక్కొక్కరు పల్లెలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకొని, చదువు సాగినంతకాలం వారి ఆరోగ్యం చూడాలని జాతీయ వైద్య కమిషన్ 2022లో పద్ధతి పెట్టింది. పట్నంలో పెరిగిన పిల్లవాడు మన ఇంటి గడపలో కూర్చొని, నీళ్లు ఎక్కడి నుండి తెస్తారో, పొయ్యి పొగ ఎటు పోతుందో కళ్లతో చూస్తే, ఆ పాఠం పుస్తకంలో దొరకదు. ఒక్కటే భయం. వచ్చి కాగితం నింపుకొని పోతే అది దత్తత కాదు. పరీక్ష ఫలితం మళ్లీ వచ్చి మన భాషలో మనకు చెప్పాలి. చెప్పకపోతే అడగండి. అడగడం మర్యాద తప్పడం కాదు.

మన వంతు కూడా ఉంది. ఆ పిల్లలు వస్తే ముక్కాలిపీట వేసి కూర్చోబెట్టండి. తాగుడు, పొగాకు దాచకుండా చెప్పండి. ఆడపిల్లలు, కోడళ్లు విద్యార్థినులతో ఒంటరిగా మాట్లాడుకోనివ్వండి. 30 ఏళ్లు దాటినవారు ఏడాదికి ఒకసారైనా సబ్ సెంటరులో బీపీ, షుగరు చూపించుకోండి. నొప్పి లేదని మానవద్దు, తగ్గిందని మీ అంతట మీరు మాత్రలు ఆపవద్దు. పసిపిల్లల టీకాల కార్డు బైబిలు పక్కనే భద్రంగా ఉంచండి. విరేచనాలైతే ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి కొద్దికొద్దిగా పట్టండి, తల్లిపాలు ఆపవద్దు, ఏ.ఎన్.ఎమ్. ఇచ్చిన జింకు మాత్రలు 14 రోజులూ వేయండి. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా, మలంలో రక్తం పడినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

చివరిగా మా సంఘం సంగతి. గత సంవత్సరం మేము ఒక బీపీ మిషను కొన్నాం. నెలలో మొదటి ఆదివారం ఆరాధన ముగిశాక వేపచెట్టు కింద బల్ల వేస్తాం. ఏ.ఎన్.ఎమ్. అమ్మ చూస్తుంది. పేర్లు, అంకెలు నోటు పుస్తకంలో రాసేది మా వదినగారు. రాని వారింటికి సాయంత్రం ఆమే వెళ్లి అడుగుతారు. మొదటి ఆదివారమే ముగ్గురికి 160 దాటింది. మాకేమీ లేదని ధీమాగా చివర కూర్చున్న మేమూ ఆ ముగ్గురిలో ఉన్నాం. ఇప్పుడు రోజూ పొద్దున ఒక మాత్ర వేసుకొంటున్నాం. వేసుకొన్నారా లేదా అని వదినగారు పుస్తకం తెరిచి మరీ అడుగుతారు.

మీ ఊళ్లో పిట్టగోడ ఎంతవరకు లేచింది? మాకు రాయండి. వచ్చే నెల మళ్లీ కలుసుకుందాం.