వేలి కొసన నిలిచే బరువు

అమెరికాలో రూగర్ సంస్థ 1964లో విడుదల చేసిన 10/22 అనే చిన్న రైఫిలు సుమారు రెండుంపావు కిలోలు తూగుతుంది. పిల్లలు గురి నేర్చుకొనడానికీ, పెద్దలు సెలవురోజుల్లో రేకు డబ్బాలను పడగొట్టడానికీ ఆ దేశంలో విస్తారంగా వాడే క్రీడారైఫిలు అది. విచిత్రమేమంటే, కర్మాగారం అమర్చి పంపిన ట్రిగ్గర్‌ను లాగడానికి వేలు ప్రయోగించవలసిన బలం తరచుగా ఆ రైఫిలు బరువంత ఉంటుంది. ఒక్కొక్కప్పుడు అంతకు మించుతుంది కూడా. ఒక వస్తువును దాని బరువంత బలంతో లాగుతూ, అది వెంట్రుకవాసి కూడా కదలకుండా చూడమంటే ఎవరికైనా కష్టమే గదా!

ఈ కష్టం నుంచి ఒక ప్రత్యేక పరిశ్రమ పుట్టింది. రైఫిలు ఒకరు తయారుచేస్తే, దానికి సరిపోయే మెరుగైన ట్రిగ్గర్‌ను మరొకరు తయారుచేసి విడిగా అమ్ముతారు. 1946లో ఆరంభమైన టిమ్నీ సంస్థ ఈ పనికి పేరుపొందింది. కెనడాకు చెందిన ట్రిగ్గర్‌టెక్ వంటివి తరువాత వచ్చాయి. కొన్ని రైఫిళ్ళకైతే రెండు పిన్నులు ఊడదీసి, పాతది తొలగించి, కొత్తది అమర్చితే పని ముగుస్తుంది. మూడు కిలోల బలం అడిగే చోట కిలో బలం చాలుతుంది. మనిషి చేతికి ఇంత తేలికగా అందే సౌకర్యం అతని నుంచి ఏమి కోరుతుందో విచారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా యంత్రం సంగతి. రైఫిలు గుర్రం ఎక్కుపెట్టినప్పుడు లోపల ఒక బలమైన స్ప్రింగు బిగుసుకొని ఉంటుంది. ఆ స్ప్రింగు తోసే ఫైరింగ్ పిన్నునో, సుత్తినో ముందుకు పోనీయకుండా ఒక చిన్న ఉక్కు కొక్కెం పట్టి ఉంచుతుంది. దానిని సియర్ అంటారు. రెండు ఉక్కు అంచులు ఒకదానిపై ఒకటి ఆనే ఆ చోటు చాలా సన్నని మెట్టు. మనం ట్రిగ్గర్ లాగడమంటే ఆ మెట్టు మీదనుంచి ఒక అంచును జార్చడమే. అది జారిన క్షణాన స్ప్రింగు విడివడి, పిన్ను తూటా వెనుకభాగాన్ని తాకి, మందు అంటుకుంటుంది. ఈ తతంగమంతా కొద్ది మిల్లీసెకన్లలో ముగుస్తుంది.

ట్రిగ్గర్లు ప్రధానంగా రెండు రకాలు. రెండు దశల ట్రిగ్గర్‌లో వేలు మొదట కొంతదూరం తేలికగా వెనుకకు వచ్చి, ఒకచోట అడ్డు తగిలినట్లు ఆగుతుంది. అక్కడినుంచి మరికొంత ఒత్తితే రైఫిలు పేలుతుంది. బెంగాలులోని ఇషాపూరు కర్మాగారంలో తయారై దశాబ్దాలపాటు మన పోలీసుల భుజాలపై కనిపించిన .303 రైఫిలు ఈ జాతిదే. దానితో శిక్షణ పొందినవారికి ఆ మొదటి లాగుడూ, రెండవ లాగుడూ వేలికి ఇప్పటికీ గుర్తుండి ఉంటాయి. ఒకే దశ ట్రిగ్గర్‌లో ఇట్టి ముందు నడక లేదు. వేలు ఆనించగానే గోడను తాకినట్లుంటుంది. బలం పెంచుతూ పోతే, కదలిక కంటికి కనిపించకుండానే, ఎండుపుల్ల విరిగినట్లు పటుక్కున విడిపోతుంది. మంచి ఒకే దశ ట్రిగ్గర్‌కు లక్షణాలు మూడు చెబుతారు: విడిపోయే ముందు ఈడ్చినట్లు జారకపోవడం, ప్రతిసారీ అదే బలానికి విడిపోవడం, విడిపోయిన తరువాత వేలు అనవసరంగా వెనుకకు దూసుకుపోకపోవడం.

ఈ మూడు గుణాల విలువ ఎంతో ఒక చిన్న లెక్క చెబుతుంది. వెనుక గురికంటికీ, ముందు గురికీ నడుమ దూరం 65 సెంటీమీటర్లు అనుకుందాం. ట్రిగ్గర్ లాగిన కుదుపుకు ముందు గురి మిల్లీమీటరులో ఐదవవంతు పక్కకు జరిగిందనుకుందాం. 50 మీటర్ల దూరాన తూటా పదిహేను మిల్లీమీటర్లు తప్పుతుంది. అంతర్జాతీయ పోటీల్లో 50 మీటర్ల రైఫిలు లక్ష్యంపై పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు మాత్రమే. అంటే గోటి మందమైనా లేని కదలిక ఒక పాయింటును హరిస్తుంది. పది మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలోనైతే పదికి గుర్తు అర మిల్లీమీటరు చుక్క! బరువైన, గరుకైన ట్రిగ్గర్‌తో అట్టి చుక్కను కొట్టడం రాతిముల్లుతో అక్షరాలు దిద్దడం వంటిది. మెరుగైన ట్రిగ్గర్ కోసం షూటర్లు ఖర్చుకు వెనుకాడకపోవడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఇక్కడ ఒక భ్రమ పొంచి ఉంది. కొత్త ట్రిగ్గర్ గురిని పెంచదు; గురిని చెడగొట్టే ఒక కారణాన్ని తొలగిస్తుంది, అంతే. పేలుడు శబ్దానికి ముందే కళ్ళు మూసుకునే అలవాటునూ, భుజం బిగించే అలవాటునూ, ఊపిరి సరిగా నిలపలేని లోపాన్నీ ఏ ట్రిగ్గరూ దిద్దదు. పైగా అన్ని ట్రిగ్గర్ల బరువూ పెద్దల చిత్తానికి వదలిపెట్టలేదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల ప్రకారం పది మీటర్ల ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాములు, 25 మీటర్ల పిస్టల్‌ది 1,000 గ్రాములు, 300 మీటర్ల స్టాండర్డ్ రైఫిలుది 1,500 గ్రాములు ఉండాలి. ఆ బరువును తూనికరాయి వేలాడదీసి పరీక్షిస్తారు. తేలికదనానికి ఒక హద్దు ఉండాలని క్రీడాలోకం ఎన్నడో గుర్తించింది.

కనీసబరువు నియమం లేని పోటీల్లో ఆ హద్దును షూటర్ తానే గీసుకోవాలి. అక్కడ ఏమి జరగగలదో 2008 ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్ చూపింది. 50 మీటర్ల మూడు భంగిమల రైఫిలు పోటీలో అమెరికా షూటర్ మాథ్యూ ఎమన్స్, చివరి ఒక్క తూటా మిగిలి ఉండగా 3.3 పాయింట్ల ఆధిక్యంలో ఉన్నాడు. అతని స్థాయికి చాలా సామాన్యమైన తూటా చాలు, స్వర్ణం చేతికి వస్తుంది. లక్ష్యానికి పైనుంచి రైఫిలును మెల్లగా దించుతూ గురి కుదుర్చుకోవడం అతని పద్ధతి. ఆ దించే క్రమంలో, గురి ఇంకా కుదరకముందే, వేలు ట్రిగ్గర్‌కు తగిలింది. రైఫిలు పేలింది. వచ్చినది 4.4. స్వర్ణం చైనాకు చెందిన చూ జియాన్‌కు దక్కింది. ఎమన్స్ నాలుగవ స్థానానికి జారాడు. యంత్రంలో దోషం లేదు. తనకు అప్పగించిన పని అది తు.చ. తప్పకుండా చేసింది. అంత సున్నితమైన ట్రిగ్గర్‌కు సంకల్పానికీ స్పర్శకూ తేడా తెలియదు. ఆ తేడా తెలియవలసినది వేలికే. అదే ఎమన్స్ నాలుగేళ్ళ తరువాత లండనులో అదే పోటీలో కాంస్యం గెలిచి నిలదొక్కుకున్నాడని కూడా చెప్పుకోవాలి.

పోటీ మైదానంలో పోయేది పతకం. వేటకు వెళ్ళినచోట, ఇంటి వాకిట, పోయేది ప్రాణం. ట్రిగ్గర్ల చరిత్రలో అతి విషాదకరమైన అధ్యాయం రెమింగ్టన్ 700 రైఫిలుది. ఆ సంస్థ ఇంజనీరు మైక్ వాకర్ రూపొందించిన ట్రిగ్గర్ 1948లో వచ్చిన 721, 722 రైఫిళ్ళలోనూ, 1962లో వచ్చిన 700లోనూ అమరింది. నునుపైన విడుపుకు అది వాసికెక్కింది. ఆ నునుపుకు తోడ్పడిన లోపలి విడిభాగం ఒకటి తన చోటికి పూర్తిగా తిరిగిరాకపోతే, సియర్‌కు ఆధారం చాలక, వేలు తాకకుండానే రైఫిలు పేలవచ్చునని విమర్శకులు ఆరోపించారు. రూపకల్పనలో లోపం లేదని సంస్థ వాదించింది. అదనపు భద్రత కోసం వాకరే 1940లలో ఒక మార్పు సూచించాడనీ, దానికి తుపాకికి ఐదున్నర సెంట్లు ఖర్చని లెక్కకట్టారనీ తరువాత బయటపడిన పత్రాలు తెలిపాయి.

2000 సంవత్సరంలో మోంటానా రాష్ట్రంలో ఒక కుటుంబం వేటనుంచి తిరిగివచ్చింది. తల్లి తన 700 రైఫిలులోని తూటాలు తీయబోయింది. పాత నమూనాలలో సేఫ్టీ మీట వేసి ఉంటే బోల్టు తెరుచుకోదు. కనుక తూటా తీయడానికి ముందు ఆ మీటను పేల్చే స్థానానికి జరపక తప్పదు. ఆమె మీట జరపగానే రైఫిలు పేలింది. ఎదురుగా ఉన్న గుర్రాల బండిని చీల్చుకుపోయిన తూటా, దాని ఆవలి వైపున ఉన్న తొమ్మిదేళ్ళ కన్నకొడుకును బలిగొన్నది. ట్రిగ్గర్‌ను తాకలేదని ఆ తల్లి చెప్పింది. ఆ పిదప దీర్ఘకాలం వ్యాజ్యాలు నడిచాయి. పాత ట్రిగ్గర్లను మార్చి ఇచ్చే ఒప్పందాన్ని 2017లో మిస్సోరీలోని ఫెడరల్ న్యాయస్థానం ఆమోదించింది. ఇంతలో సంస్థ ప్రవేశపెట్టిన కొత్త ట్రిగ్గర్‌లో సైతం కూర్పు సమయాన వాడిన బంక ఎక్కువైందని గుర్తించి, 2006 మే నుంచి 2014 ఏప్రిల్ దాకా తయారైన రైఫిళ్ళను 2014లో వెనుకకు పిలిచారు. గమనించండి: ఇవేవీ ఔత్సాహికుడు ఇంట్లో కూర్చుని బిగించినవి కావు. అనుభవజ్ఞులైన ఇంజనీర్లూ, కర్మాగారాలూ ఉన్నచోటనే ఇంత సూక్ష్మమైన పొరపాటు దొర్లగలదు. మరి వంటగది బల్లపై, ఆకురాయితో, ఊహతో సియర్ అంచులను అరగదీసేవారి మాటేమిటి?

అందువలన విజ్ఞులు చెప్పే నియమాలు స్పష్టంగా ఉన్నాయి. పాత ట్రిగ్గర్‌ను అరగదీసి తేలిక చేయడం కన్నా, ఆ నమూనాకే తయారైన పూర్తి ట్రిగ్గర్‌ను కొని, తుపాకుల పని తెలిసిన లైసెన్సుదారు చేత అమర్చించుకోవడం మేలు. తయారీదారు చెప్పిన కనీసబరువు కంటె కిందికి దించరాదు. అమర్చిన తరువాత, గదిలోగాని చుట్టుపక్కలగాని తూటా లేదని ఒకటికి రెండుసార్లు చూసుకొని, బోల్టును పదేపదే గట్టిగా మూసి, ఎక్కుపెట్టిన పిన్ను తనంత తాను జారుతున్నదేమో పరీక్షించాలి. సేఫ్టీ మీట వేసి ట్రిగ్గర్ లాగి, వేలు తీసి, తరువాత మీట విడిచినపుడు కదలిక ఉండరాదు. రబ్బరు సుత్తితో తట్టినా సియర్ పట్టు వీడరాదు. వీటిలో ఒక్కదానిలో తప్పినా ఆ రైఫిలు మైదానానికి వెళ్ళకూడదు. నూనె గడ్డకట్టినా, ఇసుకరేణువు చేరినా సన్నని అంచుల లెక్క తప్పుతుంది కనుక శుభ్రత కూడా భద్రతలో భాగమే.

మన దేశంలో ఈ విషయానికి మరొక ముఖముంది. 1959 నాటి ఆయుధాల చట్టం తుపాకుల తయారీకే గాక మరమ్మతుకు, మార్పుకు కూడా లైసెన్సు కావాలంటుంది. కనుక ఇక్కడ ట్రిగ్గర్ మార్పు సరదాకు చేసుకునే పని కాదు. మనవారి గెలుపులు ఎక్కువగా వచ్చినది కూడా శిక్షణ క్రమశిక్షణగా సాగే మైదానాల నుంచే. 2008 బీజింగులో పది మీటర్ల ఎయిర్ రైఫిలు ఫైనల్ చివరి తూటాకు ముందు అభినవ్ బింద్రా, ఫిన్లండ్‌కు చెందిన హెన్రీ హక్కినెన్ సమానంగా నిలిచారు. హక్కినెన్ 9.7 కొట్టాడు. బింద్రా 10.8 కొట్టి, 700.5తో భారతదేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చాడు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండనులో అదే పోటీలో 701.1 సాధించి కాంస్యం గెలిచాడు. ఆ స్థాయి ఎయిర్ రైఫిళ్ళ ట్రిగ్గర్లు నూరు గ్రాముల ప్రాంతంలో విడిపోతాయి. ఒక పెద్ద నిమ్మకాయ బరువును మించవు. ఆ నిమ్మకాయను మోయగలగడానికి వెనుక ఉన్నవి తూటా లేని రైఫిలుతో గోడకేసి వేల మార్లు చేసిన అభ్యాసాలు.

మన ధనుర్విద్యలో బాణం తొడగడాన్ని సంధానమనీ, విడవడాన్ని మోక్షమనీ అన్నారు. సంధానం చేతిపని, విడవడం మనసుపని. కొత్త ట్రిగ్గర్ వల్ల నిజంగా మారేది ఈ రెండవ పనే. కర్మాగారపు మొరటు ట్రిగ్గర్ మనిషికి ఒక రకంగా కాపలాదారు. వేలు పొరపాటున తగిలితే, రెండు కిలోల ప్రతిఘటనతో అది, నిజంగా కావాలా అని అడుగుతుంది. మనం ఆ కాపలాను ఇష్టపూర్వకంగా తొలగిస్తున్నాం. తొలగిన ప్రతి గ్రాము ఎక్కడికీ పోదు. అది వేలి మీదకు, ఆ వేలిని ఆజ్ఞాపించే బుద్ధి మీదకు చేరుతుంది. గురి కుదిరేవరకూ వేలును ట్రిగ్గర్ కమ్మీకి బయట నిలపడం, ప్రతి తుపాకీ నిండి ఉన్నదనే భావించడం, గొట్టాన్ని మనిషివైపు ఎన్నడూ తిప్పకపోవడం—ఈ అలవాట్లు ముందు స్థిరపడితే తేలికైన ట్రిగ్గర్ వరమే. స్థిరపడనివారికి, అంగడిలో దొరికే అత్యుత్తమమైన ట్రిగ్గర్ కన్నా పాత మొరటు ట్రిగ్గరే హితవు.