ఏ జట్టులో చేరాలి, చెల్లీ?

దసరా సెలవులు అయిపోయి హాస్టల్ తెరిచిన వారానికే మన పూర్వ విద్యార్థినుల గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. వంట అక్క ఫోన్ నుంచి ముగ్గురు చెల్లెళ్లు ఒకరి మాటకు ఒకరు అడ్డం వస్తూ మాట్లాడారు. సాఫ్ట్‌బాల్ నేషనల్స్‌కి సెలెక్ట్ అయ్యారట. వేరే రాష్ట్రం వెళ్లాలట. ఒక్కొక్కరికి 9,000 రూపాయలు నాలుగు రోజుల్లో కట్టాలట. "సర్టిఫికెట్ గ్యారంటీ అక్కా, దాంతో ఇంజినీరింగు సీటు కూడా గ్యారంటీ అన్నాడు సార్" అని చివర్లో ఒక గొంతు.

మేము ఆ 27,000 ఇవ్వలేదు. చెల్లెళ్లకు కోపం వచ్చింది. "అక్కలు ఉద్యోగాల్లోకి వెళ్లాక మారిపోయారు" అన్నారని తర్వాత వంట అక్కే చెప్పింది. ఆ మాట మాకు గుచ్చుకుంది. ఎందుకివ్వలేదో గ్రూపులో రెండు ముక్కల్లో చెప్పేది కాదు కాబట్టి, ఈ వార్షికోత్సవ సంచికలో కాస్త చోటు అడిగి రాస్తున్నాం. ఇది మా అందరి అభిప్రాయం కూడా కాదు. మాలోనే ఇద్దరు ఇవ్వాల్సిందన్నారు. వాళ్ల మాట కూడా కింద రాస్తాం.

ముందు మా కథ. 2012లో మేము ఇంటర్ మొదటి సంవత్సరం. అప్పుడూ ఇలాగే ఒకాయన గేటు దగ్గరికి వచ్చాడు. మెడలో విజిల్, చేతిలో ఫైలు, ట్రాక్ సూట్ మీద ఇండియా అని అక్షరాలు. అప్పట్లో ఒక్కొక్కరికి 4,500 అడిగాడు. నలుగురం వెళ్లాం. ఒకరి ఇంట్లో మేకను అమ్మారు, ఒకరి అమ్మ చెవికమ్మలు తాకట్టు పెట్టింది. జనరల్ బోగీలో రెండు రాత్రులు ప్రయాణం చేసి దిగితే, పడుకోవడానికి ఒక కల్యాణ మండపం, వంద మందికి పైగా అమ్మాయిలకు మూడు బాత్రూములు. ఆడింది రెండే మ్యాచ్‌లు. మాలో ఇద్దరు ఆ రెండింటిలోనూ గ్రౌండ్ బయటే కూర్చున్నారు. ఫైనల్ జరగకముందే అందరికీ సర్టిఫికెట్లు పంచేశారు. రంగురంగుల సర్టిఫికెట్, బంగారు రంగు ముద్ర. ట్రంకు పెట్టెలో బట్టల కింద దాచుకున్నాం.

మరుసటేడు ఎంసెట్ కౌన్సెలింగ్‌లో దాన్ని చూపించాం. ధ్రువపత్రాలు చూసే అధికారి దాన్ని తిప్పి వెనకవైపు కూడా చూసి, మర్యాదగానే తిరిగి ఇచ్చారు. పోటీలు పెట్టిన ఆ సంఘానికి గుర్తింపు లేదట. పేరులో భారత్ ఉంది, జాతీయ ఉంది, ఫెడరేషన్ ఉంది, గుర్తింపు ఒక్కటే లేదు. ఆయన తప్పేమీ లేదు. తప్పు ఎవరిదో ఆ నాన్నలకు అర్థమయ్యేలా చెప్పడానికి మాకు చాలా రోజులు పట్టింది. చెవికమ్మలు విడిపించడానికి అంతకంటే ఎక్కువ పట్టింది.

కాబట్టి చెల్లెళ్లారా, ఎవరైనా జట్టులోకి రమ్మంటే మొదట అడగాల్సింది "ఎక్కడికి తీసుకెళ్తారు" అని కాదు, "సర్టిఫికెట్ మీద సంతకం ఎవరు పెడతారు" అని. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాలో వేర్వేరు ఫారాలు ఉన్నాయి. దేశం తరఫున ఆడితే ఫారం 1, జాతీయ ఫెడరేషన్ కార్యదర్శి ఇస్తారు. రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడితే ఫారం 2, రాష్ట్ర సంఘం కార్యదర్శి ఇస్తారు. యూనివర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడితే ఫారం 3, యూనివర్సిటీ క్రీడా విభాగం ఇస్తుంది. స్కూళ్ల జాతీయ పోటీల్లో ఆడితే ఫారం 4, విద్యాశాఖ డైరెక్టరేట్ అధికారి ఇస్తారు. ఆ కోటాకు లెక్కలోకి వచ్చే ఆటల జాబితాలో సాఫ్ట్‌బాల్ ఉంది. అంటే ఆటలో లోపం లేదు. ఏ దారిన ఆడామన్నదే లెక్క. గేటు దగ్గర ఫైలు పట్టుకుని వచ్చే మనిషి ఈ నాలుగింటిలో ఏ ఫారం ఇప్పిస్తాడో కాగితం మీద రాసిమ్మనండి. మళ్లీ వస్తాడేమో చూద్దాం.

అసలు మన దారి మన స్కూల్లోనే మొదలవుతుంది. మండలం, జోన్, జిల్లా, రాష్ట్రం, ఆ తర్వాత స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ జాతీయ పోటీలు. 14, 17, 19 ఏళ్ల లోపు అని మూడు విభాగాలు. పీఈటీ సార్ ఎంట్రీ పంపితే చాలు, మనం కట్టేది దాదాపు ఏమీ ఉండదు. ఈ దారి నెమ్మది. ఒక్కోసారి సెలక్షన్లలో సిఫారసులు నడుస్తాయన్నదీ నిజమే, మేమేం కళ్లు మూసుకుని రాయడం లేదు. కానీ ఈ దారిలో వచ్చిన కాగితాన్ని ఎవరూ తిప్పి ఇచ్చేయరు.

ఇక ఇంజినీరింగు సీటు గ్యారంటీ సంగతి. మన రాష్ట్రంలో ఈఏపీసెట్ ద్వారా జరిగే ఇంజినీరింగు ప్రవేశాల్లో క్రీడల కోటా అర శాతం. వెయ్యి సీట్లకు ఐదు. ఆ ఐదింటికి సాఫ్ట్‌బాల్ వాళ్లే కాదు, చదరంగం, బ్యాడ్మింటన్, ఈత, అథ్లెటిక్స్ అందరూ వస్తారు. అంతర్జాతీయ పతకాలు తెచ్చిన వాళ్లు ముందు నిలబడతారు. ఆ వరసలో మనం ఎక్కడ ఉంటామో మీరే ఆలోచించండి. ఆ ఐదు సీట్ల కోసం స్టడీ అవర్లు వదిలేసి, ఇంటర్‌లో ఒక సబ్జెక్టు తప్పితే, చేతిలో ఉన్న రిజర్వేషన్ సీటు, ఫీజు రీయింబర్స్‌మెంట్ రెండూ జారిపోతాయి. మా బ్యాచ్‌లో ఒకరికి అచ్చం ఇలాగే జరిగింది. ఆమె పేరు రాయవద్దని కోరింది.

అలాగని ఆట దండగ అనడం లేదు. ఆట పనికొచ్చే చోట్లు వేరే ఉన్నాయి, వాటి గురించి గేటు దగ్గరికి వచ్చేవాళ్లు చెప్పరు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో 2 శాతంగా ఉన్న క్రీడల కోటాను 2025లో 3 శాతానికి పెంచారు. ఢిల్లీ యూనివర్సిటీ కాలేజీల్లో క్రీడలకూ కళలకూ కలిపి 5 శాతం వరకు అదనపు సీట్లుంటాయి. మంచి జట్టు కావాలనుకునే డిగ్రీ కాలేజీలు ఫీజు తగ్గించి మరీ ఆటగాళ్లను పిలుస్తాయి. బీపీఈడీ చేయాలంటే పీఈసెట్‌లో దేహదారుఢ్య పరీక్షలకు 400 మార్కులు, ఆటలో నైపుణ్యానికి 100 మార్కులు. ఆ వంద మార్కులకు ఏ ఏ ఆటలు తీసుకుంటారో ముందే జాబితా చూసుకుని, అవసరమైతే రెండో ఆట కూడా నేర్చుకోవాలి.

ఇక్కడ అమెరికా ముచ్చట ఒకటి. మాకంటే చాలా సీనియర్ అక్క ఒకరు డల్లాస్ దగ్గర ఉంటున్నారు. కిందటి వేసవిలో హాస్టల్‌కి వచ్చి, మనతో పాటు నేల మీద కూర్చుని సాంబారన్నం తిన్నారు, గుర్తుంది కదా. వాళ్ల అమ్మాయి అక్కడ సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. ఈ ఆట పుట్టిందే అక్కడ, 1887లో చికాగోలో. అక్కడ స్కూల్ జట్టుతో పాటు ట్రావెల్ టీమ్‌లని వేరే ఉంటాయి. వారాంతాల్లో ఊరూరూ తిరిగి టోర్నమెంట్లు ఆడతాయి. కాలేజీ కోచ్‌లు అక్కడికి వచ్చి, పక్కన కుర్చీ వేసుకుని పిల్లల్ని చూసి ఎంచుకుంటారు. ఖర్చు ఏడాదికి వేల డాలర్లు. అంటే అక్కడా పెద్ద వ్యాపారమే.

కానీ అక్కడ కొన్ని కట్టుబాట్లున్నాయి. పై స్థాయి కాలేజీ కోచ్ ఎవరైనా సరే, అమ్మాయి పదకొండో తరగతిలోకి వచ్చిన సెప్టెంబర్ 1 దాకా ఆమెతో సీటు గురించి మాట్లాడకూడదు. 2018లో ఈ నిబంధన వచ్చింది. అంతకుముందు ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా మాట ఇచ్చేసేవారట. ఆ స్థాయిలో ఆడాలంటే 16 ముఖ్యమైన సబ్జెక్టుల్లో కనీసం 2.3 గ్రేడు సగటు ఉండాలి. అంటే ఎంత బాగా బంతి విసిరినా, చదువు తప్పితే గేటు బయటే. స్కాలర్‌షిప్పులూ మనం అనుకున్నన్ని లేవు. మొన్నటిదాకా ఒక్కో పై స్థాయి జట్టుకు పన్నెండు. వాటిని ఇరవై మందికి ముక్కలు చేసి పంచేవారు. 2025-26 నుంచి ఆ లెక్క మారి, కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీలకు జట్టులో 25 మంది అన్న పరిమితి వచ్చింది. మూడో స్థాయి కాలేజీలు ఆటకని స్కాలర్‌షిప్ అసలు ఇవ్వవు.

అక్కకు కిందటేడు రెండు జట్లలో ఏదో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చింది. ఒకటి పెద్ద పేరున్న జట్టు, మెరిసే యూనిఫారం, దూరదూరపు టోర్నమెంట్లు. కానీ అందులో బంతి విసిరే అమ్మాయిలు అప్పటికే నలుగురు ఉన్నారు. రెండోది దగ్గర ఊరి జట్టు, పేరు ఎవరికీ తెలియదు, కానీ ప్రతి వారం ఆడనిస్తారు. బావగారు మొదటిది అన్నారు. అక్క రెండోది అన్నారు. "బెంచీ మీద కూర్చున్న పిల్లను ఏ కోచ్ చూస్తాడే?" అని మమ్మల్నే అడిగారు. ఇప్పుడు ఆ అమ్మాయి తన ఆట వీడియో తీసి, తనే కాలేజీ కోచ్‌లకు ఉత్తరాలు రాసి పెట్టుకుంటోందట. అక్కడ అమ్మానాన్నలు రాస్తే కోచ్‌లకు అంతగా నచ్చదట, పిల్ల నోటితోనే వినాలంటారట. మన దగ్గర మాత్రం సెలక్షన్ అనగానే ముందు నాన్న, తర్వాత మేనమామ, ఆ తర్వాత సర్పంచ్ గారు మాట్లాడతారు. పిల్ల చివర.

డల్లాస్ అయినా మన ఊరైనా జట్టును ఎంచుకోవడంలో చూడాల్సింది దాదాపు ఒకటే అనిపించింది. ఆ జట్టులో నిన్ను ఆడనిస్తారా లేదా? కోచ్ నీకు "నీ విసురు బాగాలేదు, మోచేయి ఇలా పెట్టు" అని చెప్తాడా, లేక "సూపర్ సూపర్" అంటూ ఫీజు అడుగుతాడా? మమ్మల్ని అడిగితే, తిట్టే కోచ్ దగ్గరే చేరమంటాం. ఏడాదిలో ఎన్ని రోజులు స్కూలు పోతుంది? పాత పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారో చెప్పగలడా, వాళ్ల నంబర్ ఇస్తాడా?

ఆడపిల్లలం కాబట్టి ఇంకొన్ని ఉన్నాయి, వాటిని సిగ్గుపడకుండా అడగాలి. వెంట లేడీ టీచర్ వస్తారా? ఎక్కడ పడుకోబెడతారు, తలుపుకు గడియ ఉందా, బాత్రూములెన్ని? నెలసరి వస్తే ఆ రోజు ఏం చేస్తారు? 2012లో మాలో ఒకరికి రైల్లోనే వచ్చింది. ఆయన్ని ఎలా అడగాలో తెలియక, చున్నీ చింపుకుంది. ఈ సంగతి మేము ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. వార్డెన్ మేడమ్ అనుమతి పత్రం, ఇంటి నుంచి సంతకం లేకుండా ఎవరూ గేటు దాటకూడదని ఈసారి మేడమ్ గట్టిగా నిలబడ్డారు. చెల్లెళ్లకు ఆమె మీదా కోపమే. మాకు మాత్రం మా రోజుల్లో అలా నిలబడే వాళ్లు ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

ఇప్పుడు ఆ ఇద్దరి మాట. "మీరు ఇవన్నీ అనుభవం మీద చెప్తున్నారు. ఆ పిల్లలు మాత్రం జీవితంలో మొదటిసారి రైలెక్కేవాళ్లు. సర్టిఫికెట్ పనికిరాకపోతే పోనీ, వేరే రాష్ట్రం చూసేవాళ్లు, నలుగురితో ఆడేవాళ్లు. డబ్బున్న పిల్లలు ఇలాంటివి ఎన్నో వృథా చేసుకుంటారు, మన పిల్లలు ఒక్కటి చేసుకోకూడదా?" అన్నారు. దీనికి మా దగ్గర సరైన జవాబు లేదు. నిజంగా లేదు. ఆ రైలు ప్రయాణం మాకూ గుర్తుంది. తెల్లవారుజామున కిటికీలోంచి గోదావరిని మొదటిసారి చూశాం. కానీ ఆ మనిషి వాళ్లకు రైలు అమ్మలేదు, సీటు అమ్మాడు. రైలెక్కించాలంటే మేమే ఎక్కిస్తాం, తొమ్మిది వేలెందుకు? ఆ మాట ఇచ్చాం. వేసవిలో నిలబెట్టుకుంటాం.

మా బ్యాచ్‌లో నలుగురం వెళ్లామన్నాం కదా. ఐదో అమ్మాయి ఉండేది, ఎడమచేతివాటం. ఆమె దగ్గర 4,500 కాదు, 45 రూపాయలు కూడా లేక వెళ్లలేదు. మేము లేని ఆ వారమంతా గోడకు సుద్దతో గీత గీసి బంతి విసురుతూ కూర్చుంది. సాఫ్ట్‌బాల్‌లో ఆడవాళ్లకు విసిరే దూరం 43 అడుగులు. టేపు లేక, అడుగులతోనే కొలుచుకుంది. ఎడమచేత్తో విసిరేవాళ్లకు గ్లవ్ కుడిచేతికి ఉండాలి. హాస్టల్లో ఉన్నవన్నీ ఎడమచేతివే కావడంతో, తలకిందులుగా తొడుక్కుని ఆడేది, వేళ్లు కదిలేవి కావు. అయినా స్కూల్ గేమ్స్‌లో రాష్ట్రం దాకా వెళ్లింది. డిగ్రీలో యూనివర్సిటీ జట్టులో ఆడింది. తర్వాత కబడ్డీ కూడా నేర్చుకుని పీఈసెట్‌లో ఆ ఆట చూపించి బీపీఈడీ చేసింది. ఇప్పుడు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పీఈటీ. ఈ వ్యాసంలో ఫారాల సంగతంతా ఆమె చెప్పిందే.

ఇవ్వని ఆ 27,000 గురించి కూడా చెప్పాలి. గ్రూపులో పోగైన డబ్బుకు ఇంకొంచెం కలిపి రెండు బ్యాట్లు, డజను బంతులు, క్యాచర్‌కు మాస్క్, ఛాతీ కవచం, ఎనిమిది గ్లవ్‌లు కొన్నాం. ఎనిమిదిలో రెండు ఎడమచేతివాటం వాళ్లవి. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆ పీఈటీ మేడమే వచ్చి నేర్పిస్తానంది. చికెన్ కూర వడ్డించే వేళకు ముందే వదిలేస్తానని కూడా మాట ఇచ్చింది. సామాను స్టోర్ రూములో ఉంది, రిజిస్టర్ వార్డెన్ మేడమ్ దగ్గర ఉంది. ఆ ముగ్గురి పేర్లూ మొదటి మూడు వరసల్లో మేమే రాసి పెట్టాం, సంతకాలు మాత్రం వాళ్లే పెట్టాలి.