పతకానికి ముందు ఖర్చు ఎవరిది?

ఉయ్యూరులో పుట్టి విశాఖలో పెరిగిన సాకేత్ మైనేని టెన్నిస్ సింగిల్స్‌లో అందుకున్న అత్యుత్తమ ర్యాంకు 137. ఆ అంకె విని పెదవి విరిచేవాళ్లే ఎక్కువ. ఏ వృత్తిలోనైనా ప్రపంచంలో 137వ మనిషి మన జిల్లావాడని తెలిస్తే ఊరేగిస్తాం, టెన్నిస్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఫెదరర్ కాలేదని నిట్టూరుస్తాం. సాకేత్ 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం, సనమ్ సింగ్‌తో కలిసి పురుషుల డబుల్స్ రజతం గెలిచాడు. 2016లో క్వాలిఫయింగ్ దాటి యూఎస్ ఓపెన్ మెయిన్ డ్రాలో ఆడాడు. తొలి రౌండులో చెక్ ఆటగాడు ఇరీ వెసెలీ చేతిలో ఓడింది అయిదో సెట్‌లో, 5–7తో. మరుసటి ఏడాది అర్జున అవార్డు వచ్చింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రామ్‌కుమార్ రామనాథన్‌తో కలిసి మళ్లీ రజతం తెచ్చేనాటికి అతనికి 36 ఏళ్లు నిండవస్తున్నాయి. ఈ మధ్య కాలమంతా అతను ఎక్కువగా ఆడింది టీవీలో కనిపించని టోర్నీల్లోనే: పెద్ద టూర్‌కు ఒక మెట్టు కిందుండే ఛాలెంజర్లు, వాటికీ దిగువనుండే ఐటీఎఫ్ పోటీలు. ఆ కింది మెట్ల మీద ఏం జరుగుతుందో తెలియకుండా మన రాష్ట్రంలో టెన్నిస్ గురించి మాట్లాడుకోవడం దండగ.

పురుషుల్లో అట్టడుగు మెట్టు ఎం15. అంటే వారం మొత్తానికి అందరికీ కలిపి ప్రైజ్ మనీ 15,000 డాలర్లు. 32 మంది మెయిన్ డ్రాలో తొలి రౌండు ఓడినవాడికి దక్కేది 156 డాలర్లు, మన లెక్కలో సుమారు 13 వేల రూపాయలు; పన్ను కోత పోగా ఇంకా తక్కువ. ర్యాంకింగ్ పాయింట్లు సున్నా. ఒక రౌండు గెలిస్తే ఒక్క పాయింటు. వరసగా అయిదు మ్యాచ్‌లు గెలిచి టైటిల్ కొట్టినవాడికి 2,160 డాలర్లు. క్వాలిఫయింగ్‌లో ఓడిపోయినవాడికి చేతిలో మిగిలేది హోటల్ బిల్లే. పైగా వచ్చిన పాయింట్లు 52 వారాలకు చెరిగిపోతాయి. మోకాలో భుజమో మొరాయించి ఆరు నెలలు ఇంట్లో కూర్చుంటే ర్యాంకు దానంతటదే జారిపోతుంది. ఇక ఖర్చు సంగతి. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య (ఐటీఎఫ్) 2013 సీజన్ లెక్కలు తీసి చూస్తే, ప్రొఫెషనల్ ఆటగాడికి ఏడాదికి సగటున 38,800 డాలర్లు, ఆటగత్తెకు 40,180 డాలర్లు అవుతున్నాయని తేలింది. విమానం, గది, తిండి, బట్టల ఉతుకు, రాకెట్లకు గట్టింగు అన్నీ అందులో ఉన్నాయి. కోచ్ జీతం లేదు. ఆ లెక్కన పురుషుల్లో 336వ ర్యాంకు, స్త్రీలలో 253వ ర్యాంకు దగ్గర మాత్రమే రాబడీ ఖర్చూ సరిపోతాయి. అంతకు దిగువన ఉన్నవాళ్లంతా తండ్రి జేబులోంచో అప్పు చేసో ఆడుతున్నట్టే. ఇంకోలా చెప్పాలంటే, ఎం15 టైటిళ్లతోనే ఆ పాత ఖర్చును పూడ్చుకోవాలంటే ఏడాదిలో 18 గెలవాలి. ఎవరి వల్లా కాదు.

ఇది మన దేశపు కొరతొక్కటే కాదు. ఐర్లండ్‌లోని లిమరిక్‌లో పెరిగిన కోనర్ నైలండ్ అత్యుత్తమ ర్యాంకు 129. 2011లో వింబుల్డన్‌కూ, యూఎస్ ఓపెన్‌కూ అర్హత సాధించాడు. వింబుల్డన్‌లో అయిదో సెట్ దాకా పోరాడి ఓడాడు. న్యూయార్క్‌లో ఎదురుపడింది జొకోవిచ్. తిన్నది కడుపులో తిరగబడి మ్యాచ్ మధ్యలోనే వైదొలిగాడు. ఆ కింది మెట్ల ఒంటరితనం, చిల్లర డబ్బుల లెక్కల గురించి అతను తర్వాత రాసిన పుస్తకానికి 2024లో బ్రిటన్‌లో విలియం హిల్ ఏటి క్రీడా పుస్తకం బహుమతి వచ్చింది. లిమరిక్‌కైనా ఎలమంచిలికైనా వర్తించే సంగతి ఒకటుంది. పెద్ద టెన్నిస్ కేంద్రాలకు దూరంగా పుట్టిన పిల్లకు ప్రతి టోర్నీ పరాయి ఊళ్లోనే. దగ్గర్లో ఆడే వీలున్నవాడు ఓడిపోతే రాత్రికి ఇంటికి చేరతాడు. దూరం నుంచి వచ్చినవాడు ఓడిపోతే వచ్చే వారం టోర్నీ మొదలయ్యేదాకా గది అద్దె కట్టుకుంటూ కూర్చుంటాడు. ఇద్దరి ప్రతిభా సమానమే కావచ్చు. రెండేళ్లు గడిచేసరికి ఆటలో మిగిలేది ఎవరో చెప్పనక్కర్లేదు.

నా వాదన సూటిగా ఇదీ: ఆంధ్రప్రదేశ్ టెన్నిస్‌కు చేయగల మేలు గెలిచాక ఇచ్చే నజరానాల్లో లేదు, గెలవడానికి ముందు ఇంటి దగ్గర ఆడుకునే చిన్న టోర్నీల్లో ఉంది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించిన క్రీడా విధానం ఒలింపిక్ స్వర్ణానికి 7 కోట్లు, రజతానికి 5 కోట్లు, కాంస్యానికి 3 కోట్లు ఇస్తామంది. ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. మంచిదే, వంక పెట్టనక్కర్లేదు. కానీ ఆ సొమ్ము అందేనాటికి ఆటగాడికి దాని అవసరం తీరిపోయి ఉంటుంది. అవసరం ఉన్నది పద్దెనిమిదేళ్లప్పుడు, 900వ ర్యాంకు దగ్గర, ఏ ట్యునీషియాకో ఈజిప్టుకో టికెట్ కొనాల్సినప్పుడు. 7 కోట్లంటే, ప్రైజ్ మనీ వరకే చూస్తే, 50కి పైగా ఎం15 టోర్నీలు. అంపైర్లు, బంతులు, కోర్టుల మరమ్మతు, ఇతర ఏర్పాట్లకు మరో అంత వేసుకున్నా 25 టోర్నీలకు తక్కువ కావు. ఆంధ్ర నుంచి ఇంతవరకూ ఒలింపిక్స్‌లో వ్యక్తిగత స్వర్ణం తెచ్చినవారు లేరు గనక ఆ 7 కోట్లు కాగితం దాటింది లేదు. కాగితం మీది ఔదార్యానికి ఖజానా నుంచి పైసా కదలదు. అదే దాని సుఖం.

టోర్నీలు పెడితే ఆటగాళ్లు పుడతారా అని అడగవచ్చు. ఇటలీని చూడండి. ఏటా 20 పైచిలుకు ఛాలెంజర్లు జరిపే దేశమది. ఈ విషయంలో దాన్ని మించిన దేశం లేదు. 2019 ఫిబ్రవరిలో బెర్గమోలో జరిగిన ఛాలెంజర్‌కు 17 ఏళ్ల కుర్రాడికి వైల్డ్ కార్డు, అంటే ర్యాంకు చూడకుండా ఇచ్చే ప్రవేశం, ఇచ్చారు. అప్పటికి అతని ర్యాంకు 500 బయట. ఆ వారం టైటిల్ గెలిచి వెళ్లిన ఆ కుర్రాడే ఇవాళ టెన్నిస్‌లో అగ్రశ్రేణిలో ఉన్న యానిక్ సినర్. బెర్గమో టోర్నీ లేకపోతే సినర్ లేడని నేను అనను. అయితే 500 బయట ఉన్న విదేశీ కుర్రాడికి అదే వారం ఆ గడప దాటే అవకాశం చాలా తక్కువ. టోర్నీ జరిపే దేశానికి మెయిన్ డ్రాలో కొన్ని వైల్డ్ కార్డులు దక్కుతాయి. ఎం15 లాంటి చోట 32 మందిలో నాలుగు. ఒక్క పాయింటు కోసం ఖండాలు దాటే పిల్లలున్న ఆటలో నాలుగు చోట్లంటే చిన్న విషయం కాదు. మన దేశంలోనూ బెంగళూరు, చెన్నై, పుణే ఛాలెంజర్లు స్థానికులకు ఇలాగే అక్కరకొచ్చాయి. సాకేత్ సింగిల్స్‌లో తొలి ఛాలెంజర్ టైటిల్ గెలిచింది 2014లో ఇండోర్‌లో. హైదరాబాద్ కుర్రాడు రిత్విక్ చౌదరి బొల్లిపల్లి 2024 ఫిబ్రవరిలో చెన్నై ఛాలెంజర్ డబుల్స్ ఫైనల్ ఆడి సాకేత్ జోడీ చేతిలోనే ఓడాడు. అదే ఏడాది అక్టోబరులో అర్జున్ కాధేతో కలిసి అల్మాటీలో పురుషుల పెద్ద టూర్ అయిన ఏటీపీ టైటిల్ గెలిచాడు, 2025లో చిలీలో మరొకటి. హైదరాబాద్‌కే చెందిన శ్రీవల్లి రష్మిక భమిడిపాటి 2025 ఏప్రిల్‌లో పుణేలో స్త్రీల జట్ల పోటీ బిల్లీ జీన్ కింగ్ కప్ మ్యాచ్‌లలో సింగిల్స్ అయిదింటికి అయిదూ గెలిచి దేశాన్ని ప్లేఆఫ్స్‌కు చేర్చింది. సొంత దేశంలో టోర్నీ జరిగినప్పుడల్లా ఎవరో ఒకరు పైకి తేలుతూనే ఉన్నారు.

ఇది డబ్బున్నవాళ్ల ఆట, ప్రజల సొమ్ము దీనికెందుకన్నది గట్టి అభ్యంతరమే. ఉద్దానం కిడ్నీ రోగుల మాటో, కొండ మీది బడుల మాటో ఎత్తి నిలదీస్తే తడుముకోకుండా జవాబు చెప్పడం కష్టం. కానీ క్రీడలకంటూ ప్రభుత్వం ఎలాగూ కేటాయిస్తున్న సొమ్ములోంచే ఈ ఖర్చు పెట్టమంటున్నాను, ఆస్పత్రి పద్దులోంచి కాదు. ఇది డబ్బున్నవాళ్ల ఆట కావడానికి కారణం బంతీ రాకెట్టూ కాదు, ప్రయాణం. ఎలమంచిలి నుంచి విశాఖ 60 కిలోమీటర్లకు పైనే. జాతీయ రహదారి మీద బస్సు, లేదంటే రైలు. ఆ బస్సు చార్జీతో ఆడగలిగిన టోర్నీకి చిన్న వ్యాపారి కూతురు వెళ్లగలదు. ట్యునీషియాలోని మొనాస్టిర్‌కు వెళ్లేది చార్జీలు భరించగలిగిన ఇంటి పిల్ల మాత్రమే. ట్యునీషియా, టర్కీ, ఈజిప్టు రిసార్టుల్లో వారం వారం ఈ చిన్న టోర్నీలు జరగడం వెనక ఉన్నది క్రీడాభిమానం ఒక్కటే కాదు. వచ్చిన ఆటగాళ్లు కట్టే గది అద్దెలే అక్కడ రాబడి. అంటే పేరుకు ప్రైజ్ మనీ గానీ, ఆటగాళ్లు తమ బహుమతిని తామే చందా వేసుకుంటున్నారు.

ప్రతిభ ఉంటే స్పాన్సర్లు వాళ్లే వస్తారు అనేవాళ్లకు సుమిత్ నాగల్ అనుభవం చాలు. 2023 సెప్టెంబరులో దేశంలో నంబర్ వన్ సింగిల్స్ ఆటగాడు తన ఖాతాలో మిగిలింది 900 యూరోలు, అంటే 80 వేల రూపాయలేనని బహిరంగంగా చెప్పుకోవాల్సి వచ్చింది. నాలుగు నెలలు తిరగకుండానే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో 31వ సీడ్ బుబ్లిక్‌ను ఓడించాడు. రెండో రౌండుకు చేరినందుకే 1,80,000 ఆస్ట్రేలియన్ డాలర్లు వచ్చాయి. సెప్టెంబరుకూ జనవరికీ మధ్య అతని ప్రతిభ ఏమీ మారలేదు. స్పాన్సరు వచ్చేది ఏరు దాటాకే. 2024 నుంచి ఏటీపీ తొలి 250 ర్యాంకుల సింగిల్స్ ఆటగాళ్లకు కనీస ఆదాయ భరోసా ఇస్తోంది. 176 నుంచి 250 దాకా ఉన్నవారికి 2024లో అది 75,000 డాలర్లు. మెచ్చుకోదగ్గ మార్పే. అయితే 251 నుంచి దిగువకు ఆ గొడుగు లేదు, మన పిల్లలు తడుస్తున్నది అక్కడే. పై సంస్థలు కింది మెట్టును ఎంత తేలిగ్గా తీసుకుంటాయో 2019లో చూశాం. 15,000 డాలర్ల టోర్నీలకు ఏటీపీ పాయింట్లు తీసేశారు. ఆటగాళ్లు మొత్తుకోగా ఆ ఏడాది ఆగస్టులోనే మళ్లీ ఇచ్చేశారు.

మరి అమెరికా చదువుల దారి ఉంది కదా అంటారు. ఉంది. సాకేత్ అలబామా విశ్వవిద్యాలయానికీ, హైదరాబాద్‌కు చెందిన సహజ యమలపల్లి టెక్సస్‌లోని సామ్ హ్యూస్టన్‌కూ ఆడారు. కోచింగు, కోర్టులు, చదువు ఒకచోట దొరుకుతాయి గనక అది తెలివైన దారే. కాకపోతే అక్కడి జట్టు దృష్టిలో పడటానికే జూనియర్ టోర్నీల ఫలితాలు కావాలి, ఆ ఫలితాలకు మళ్లీ ప్రయాణాలే.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసే అభ్యంతరం వేరే ఉంది. చిన్న టోర్నీలంటే బెట్టింగ్ ముఠాలకు మేత. టెన్నిస్‌లో అవినీతిపై స్వతంత్ర సమీక్షా సంఘం 2018లో ఇచ్చిన నివేదిక కింది స్థాయి పరిస్థితిని ఘాటుగానే ఎండగట్టింది. 13 వేల రూపాయల కోసం దేశాలు తిరిగిన కుర్రాడికి ఒక సెట్ వదిలేస్తే అంతకు పదింతలిస్తామని ఎవరో ఫోన్ చేస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అందుకని టోర్నీలే వద్దనడం సరికాదు గానీ, నిఘా లేకుండా మొదలుపెట్టడం కూడా ప్రమాదమే. ఆ సంఘం గుర్తించిన మూలం కూడా డబ్బే. వేల మంది ఆడుతున్న ఈ ఆటలో కోచ్ ఖర్చు పక్కన పెట్టినా గిట్టుబాటయ్యేది 250 నుంచి 350 మందికేనని తేల్చింది. ఓడిపోయినా బస్సెక్కి ఇంటికి వెళ్లగలిగేవాడిని కొనడం, ఓడితే గది అద్దెకు తడుముకునేవాడిని కొనడమంత తేలిక కాదు.

చేయాల్సిందానికి కొత్త స్టేడియం అక్కర్లేదు. ఏడాది తొలి నెలల్లో బెంగళూరు, చెన్నై, పుణేలకు విదేశీ ఆటగాళ్లు ఎలాగూ వస్తారు. వాటి ముందో వెనకో విశాఖ, విజయవాడ, గుంటూరుల్లో వరసగా మూడు వారాలు ఎం15 టోర్నీలు, వాటితోపాటే స్త్రీలకు డబ్ల్యూ15 టోర్నీలు పెడితే వచ్చినవాళ్లు ఆగుతారు. ఆరు డ్రాలకు 24 వైల్డ్ కార్డులు మన దేశపు పిల్లలకు దక్కుతాయి. అంతర్జాతీయ సమాఖ్యకు దరఖాస్తు వెళ్లాల్సింది అఖిల భారత టెన్నిస్ సంఘం ద్వారా. ఆ సంఘం 2024 ఎన్నికల తగువు ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. కాబట్టి ఢిల్లీ నుంచి ఎవరో వచ్చి అడుగుతారని ఎదురుచూడకుండా రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థే ముందు కాగితం కదపాలి. మూడు ఊళ్లలో ఆరు టోర్నీలకు ప్రైజ్ మనీ 90,000 డాలర్లు, అంటే మన లెక్కలో 80 లక్షలకు అటూ ఇటూ. 2024 విధానంలో ఒక ఒలింపిక్ కాంస్యానికి రాసుకున్న మొత్తంలో అది మూడో వంతు కూడా కాదు.